నోటికాడి ముద్ద

రోజు మొత్తంలో నా నోట్లో ఎక్కువగా నలిగే మాట ‘ముద్ద’. ముద్ద చెయ్యండి. ముద్ద ఆరిపోతోంది, తడిగుడ్డ కప్పండి. ముద్దలో గాలుంది, మళ్లీ పిసకండి. బాబూ, ఆ ముద్ద నీ ఫోను మీద పెట్టావు, చూసుకో. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఒక పాత గోడౌన్‌లో, ఊళ్లోవాళ్లు నలుగురు పూనుకుని పెట్టిన మట్టిపని స్టూడియోలో నేను టీచర్ని. ఎవరైనా వచ్చి నేర్చుకోవచ్చు. ఎవరైనా అంటే నిజంగానే ఎవరు పడితే వాళ్లు వచ్చేస్తారు, అదే నా బాధ.

స్టీల్ ప్లాంటు క్వార్టర్స్ నుంచి వచ్చే ఆడవాళ్లకి బాల్కనీకి సరిపోయే పూలకుండీ మొదటిరోజే కావాలి. కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు కుండలు తిప్పే సారె మీద చెయ్యి పెట్టకముందే ఫోను స్టాండులో పెడతారు. గూడ్సుబండి వెళ్లినప్పుడల్లా అరలు అదిరి, ఆరబెట్టిన గిన్నెలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. సముద్రపు గాలికి ఏదీ ఓ పట్టాన ఆరదు. ఎలమంచిలి వైపు నుంచి వచ్చే మట్టి బస్తాలని వ్యానువాడు గుమ్మం ముందు పడేసి పోతాడు, లోపలికి ఈడ్చుకునేది నేను. “మట్టిపని చేస్తుంటే మనసుకి ఎంత ప్రశాంతమో కదా మేడమ్” అంటారు వచ్చినవాళ్లు. ప్రశాంతమా, నా మొహమా! వాళ్లు వెళ్లాక బకెట్లు కడిగి, సింకులో పేరుకున్న బురద చేత్తో ఎత్తిపోసేటప్పుడు ఒక్కరూ ఉండి చూడరు. పొద్దున్నే లేచేసరికి నా బొటనవేళ్ల మొదళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. వేడినీళ్లలో కాసేపు ముంచితే గానీ కాఫీ గ్లాసు పట్టుకోవు. మానెయ్యాలి, మానెయ్యాలి అనుకుంటూనే మర్నాడు వెళ్లి తాళం తీస్తాను.

అలా విసిగి ఉన్న ఒక మంగళవారం, క్లాసు మధ్యలో గుమ్మం ముందు ఆటో ఆగింది. ఎండకి నల్లబడ్డ ముసలాయన ఒకాయన ముందు దిగి, భార్యని చెయ్యి పట్టి దించాడు. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ముక్కుకి రెండువైపులా పుడకలు, మోకాళ్ల కిందికి బిగించి కట్టిన చీర. కుడిచెయ్యి మాత్రం పొట్టకి ఆనించుకుని ఉంది, ఎవరిదో వస్తువు పట్టుకున్నట్టు. వన్ టౌన్ దాటాక ఒడ్డున ఉన్న జాలర్ల పేట వాళ్లు. ఆయన ఇప్పటికీ వేటకి వెళ్తాడు. ఆవిడ ఒంట్లో బాగున్నంతకాలం వీధివీధీ తిరిగి చేపలమ్మింది. ఆ గొంతు పక్షవాతానికి కూడా లొంగలేదు.

“ఇక్కడేనేటి మట్టి పిసికించేది?” అంది గుమ్మంలోంచే.

“పచ్చవాతమొచ్చినాదమ్మా,” అన్నాడాయన నాతో, నెమ్మదిగా. “కాలు బాగైపోనాది. సెయ్యే రానేదు. డాట్రు బాబు రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాడు. ఇదేమో ఆ బంతిని ఇసిరికొట్టీసినాది. మట్టైతే పిసుకుతానంతాది.”

నాకు అప్పుడు ఆలోచించే ఓపిక కూడా లేదు. ఒక పక్క సారె ఆగిపోయింది, ఇంకో పక్క ఎవరిదో గిన్నె కూలింది. ఆవిణ్ణి బల్ల దగ్గర కూర్చోబెట్టి, చెక్క మీద కాస్త మెత్తటి మట్టి వేసి, అందరికీ చెప్పే మాటే చెప్పాను. “ముద్ద చెయ్యండమ్మా.” చెప్పి సారె దగ్గరికి పోయాను.

తిరిగి చూసేసరికి ఆవిడ ఆ మట్టిని చెక్క మీద పరిచి, బిగుసుకున్న వేళ్లతోనే కలుపుతోంది. అటూ ఇటూ లాగి, ఒక దగ్గరికి చేర్చి, వేళ్ల కొసల్లోకి కాస్త తీసుకుంది. తల వంచి నోరు తెరిచింది.

“అయ్యయ్యో! మట్టి! నోట్లో పెట్టుకోకండి!” అని హాలంతా వినబడేలా అరిచాను.

“ఓలమ్మో! నానేటి పిచ్చిదాన్నేటి, మట్టి తినడానికి?” అంది ఆవిడ, నాకన్నా గట్టిగా. “ముద్ద సెయ్యమన్నావ్, సేసినాను. ముద్ద సేత్తే సెయ్యి యాడికెల్తాది మరి? సెవికాడికెల్తాదేటి?”

అందరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వాగలేదు. ఇన్నేళ్లుగా ముద్ద ముద్ద అని గొంతు చించుకుంటున్నాను గానీ, ఆ మాట విన్నవాళ్ల చెయ్యి నోటిదాకా వెళ్లాలనుకుంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

నవ్వులు తగ్గాక ఆవిడ తన చేతికేసి చూసుకుంది. “ఎల్లనేదు సూడు,” అంది. “పొట్టకాడే ఉండిపోనాది. నానే తల ఒంచినాను.”

అప్పుడు చెప్పింది తనకేం కావాలో. చెల్లెలి కొడుకు పెళ్లి రెండు నెలల్లో ఉంది. ఆ పెళ్లిలో బంతికి కూర్చుని, అందరితో పాటు, తన కుడిచేత్తో తాను అన్నం కలుపుకుని తినాలి. అంతే. “డాట్రిచ్చిన బంతి నాకెందుకు? నాక్కావలసింది ఆ బంతి. నీ కుండలూ గిండలూ నాకొద్దు.”

“ఎడంచేత్తో చెంచా పట్టుకుని తినొచ్చు కదమ్మా” అంది క్వార్టర్సావిడ ఒకామె, మంచికే.

“ఎడంసేత్తో ఏటి సేత్తారో నీకు తెల్దేటమ్మా?” అని ఆవిడ నోరు మూయించింది. తర్వాత నాకేసి తిరిగింది. “ఇంట్లో మా కోడలు సెంచాతో పెడతాది. మంచి పిల్ల, ఏటీ అనదు. ఇంట్లో అంటే సరే. బంతిలో, అందరి ముందర, సంటిగుంటకి పెట్టినట్టు పెడితే ఏటంతారు? అయ్యోపాపం అంతారు. నన్ను తిట్టమను, పడతాను. తిరిగి నాలుగు తిడతాను. అయ్యోపాపం అంటే మాత్రం నాను పడనేను.”

నేను డాక్టర్ని కాదమ్మా, కుండలు చెయ్యడం నేర్పేదాన్ని, అని చెప్పి చూశాను. “నువ్వేటీ సెయ్యొద్దు. మట్టియ్యి. పక్కన కూకో,” అంది. పక్కన కూర్చునే తీరిక ఉంటే నేనెందుకిలా ఉంటాను? ఆ మాట అనలేదు. కూర్చున్నాను.

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఉండ చేసి, దాని మధ్యలోకి బొటనవేలు దించి, తక్కిన నాలుగు వేళ్లూ బయట ఉంచి, తిప్పుకుంటూ నొక్కితే చిన్న గిన్నె వస్తుంది. చిన్నపిల్లలకైనా ముందు అదే నేర్పుతాను. ఆవిడ కష్టపడి నొక్కింది. గిన్నెలాంటిదేదో వచ్చింది. వేళ్లు కూడా మొదటికన్నా కాస్త విచ్చుకున్నాయి. ఆవిడకి మాత్రం సంతోషం లేదు. “ఇది కాదు మేడమ్మా” అంటుంది. “మరేదమ్మా?” అంటే, “తెల్దు. ఇది కాదు” అంటుంది. ఇద్దరం కాసేపు ఒకరినొకరు విసుక్కునేవాళ్లం.

ఒకరోజు ఇంట్లో పెరుగన్నం తింటూ నా చేతిని నేనే చూసుకున్నాను. బొటనవేలు నొక్కడం లేదు. నాలుగు వేళ్లూ గరిటెలా పట్టుకుంటే, బొటనవేలు వెనకనుంచి ముద్దని నోట్లోకి తోస్తోంది. పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్న పని, ఒక్కసారైనా చూడలేదు! నొక్కడం వేరు, తొయ్యడం వేరు. మర్నాడు క్లాసులో చెప్తే ఆవిడ గట్టిగా నవ్వి, “ఓలి దీని తస్సాదియ్యా, అదే మేడమ్మా, అదే!” అంది.

అక్కణ్ణుంచి గిన్నెలు మానేశాం. చెక్క మీద మట్టి పరచడం, కలపడం, వేళ్ల కొసల్లోకి తీసుకోవడం, బొటనవేలితో తోసి పక్కన పెట్టడం. మట్టి మరీ పల్చనైతే “ఇది గంజి, నాకొద్దు” అనేది. గట్టిగా ఉంటే “ఇదేటిది, నిన్నటి పులిహోరా?” అనేది. కొన్నాళ్లకి క్లాసులో అందరూ అలాగే అనడం మొదలెట్టారు. పప్పన్నం మట్టి, పెరుగన్నం మట్టి. కాలేజీ అమ్మాయి ఒకతి నన్ను “మేడమ్, సారెకి ఏ అన్నం కావాలి?” అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఆయన క్లాసున్న రోజుల్లో వేట మానుకుని వచ్చి, బయట మెట్టు మీద కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. “నాను సూత్తే అదింకా రెచ్చిపోతాది” అనేవాడు. టీ ఇస్తే సగం తాగి, మిగతా సగం ఆవిడకని అట్టే పెట్టేవాడు.

సాయంత్రం అందరూ వెళ్లాక బల్ల మీద అందరివీ కప్పులు, ప్లేట్లు, దీపాలు ఉండేవి. ఆవిడ చోట మాత్రం వరసగా ముద్దలు. వేలిముద్రలు పడిన మట్టి ముద్దలు, ఒక్కొక్కటి ఒక్కొక్క నోటికి సరిపడా. వాటిని కాల్చేదీ లేదు, దాచేదీ లేదు. మళ్లీ బకెట్లో వేసి నానబెట్టాలి. అదీ నా పనే. రోజులు గడిచినకొద్దీ అవి చక్కగా వచ్చేవి, బొటనవేలు తోసిన చోట నున్నగా. చూస్తే గుండె కలుక్కుమనేది. ఎందుకంటే అప్పటికే నాకర్థమైపోయింది. వేళ్లు బాగుపడ్డాయి. భుజం లేవడం లేదు. ముద్ద తయారవుతుంది, గుండెల దాకా వస్తుంది, అక్కడ చెయ్యి వణికి ఆగిపోతుంది.

ఆవిడకీ తెలుసు. తెలియనట్టు ఊరుకునేది. నేనూ ఊరుకుంటే పోయేది. పెళ్లి దగ్గర పడుతుంటే ఆవిడ కొత్తచీర సంగతి, వియ్యాలవారి గొప్పల సంగతి చెప్తోంది. “ఆల్లు పెద్ద బోటున్నోల్లు. ఆల్ల ఆడోల్లందరూ నాకెదురుగా కూకుంతారు సూడు” అంటోంది. వింటుంటే నాకు భయమేసింది. అందరి ముందూ ఆ చెయ్యి సగంలో ఆగిపోతే ఈ మనిషి ఏమైపోతుంది? ఆ రోజు నాకు నడుం నొప్పి, పైగా కరెంటు పోయి కుండలు కాల్చే బట్టీ ఆగిపోయింది. ఏది ఎలా చెప్పాలో కూడబలుక్కునే స్థితిలో లేను.

“అమ్మా, ఒక్కమాట. పెళ్లిలోగా చెయ్యి నోటిదాకా రాదు. ఇంకా చాలాకాలం పడుతుంది. బంతిలో కూర్చోకండి. లోపల, ఇంట్లో తినండి” అనేశాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. చేతిలో ఉన్న ముద్దని చెక్క మీద పడేసింది.

“నీ నోట్లో మన్నడ!” అంది.

మట్టిపని చేసేచోట ఆ తిట్టు విని ఇంకెప్పుడైనా అయితే నవ్వేవాళ్లు. ఎవరూ నవ్వలేదు. “మంచి మాట సెప్పీసినావు. నానెవులి కోసం పిసికినాను ఇన్నాల్లూ? పదయ్యా, ఎల్లిపోదాం” అని లేచి, ఆయన చెయ్యి కూడా పట్టుకోకుండా, ఆటో ఎక్కేసింది.

తర్వాత క్లాసులకి రాలేదు. ముందు హమ్మయ్య అనుకున్నాను, అబద్ధమెందుకు. ఒక బకెట్టు తక్కువ. రెండు మూడు క్లాసులు గడిచాక ఆ బల్ల దగ్గర ఇంకెవరినీ కూర్చోబెట్ట బుద్ధి కాలేదు. ఎవరైనా పెరుగన్నం మట్టి అడిగితే ఒళ్లు మండేది. నేను చెప్పింది నిజమే. ఆ నిజం ఎవరికి పనికొచ్చింది? రాత్రులు నిద్రపట్టక అలిసిపోవడం కూడా మొదలైంది, ఉన్న అలసట చాలనట్టు.

పెళ్లికి రెండ్రోజుల ముందు ఆయన ఒక్కడే వచ్చాడు. పసుపు రాసిన శుభలేఖ నా చేతిలో పెట్టాడు.

“మీరు రావాలంటమ్మా. మీరొచ్చి ఎదురుగా కూకుంతేనే బంతికి కూకుంతాదంట.”

“నన్నెందుకు? తిట్టిపోయింది కదా.”

“అందుకే గావాల” అన్నాడు. వెళ్లబోతూ, “ఇంటికాడ పిండి కలిపి సేత్తన్నాది. మట్టి నేదని” అన్నాడు.

“వస్తోందా చెయ్యి?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆటో దాకా ఆయనతో నడిచాను.

వెళ్లాలా వద్దా అని ఎంత కొట్టుకున్నానో! జ్వరమని చెప్పేద్దామనుకున్నాను. చివరికి ఉన్నవాటిల్లో మంచిచీర కట్టుకుని బయల్దేరాను. పేటలో సందంతా షామియానా. గాలికి అది ఒకటే కొట్టుకుంటోంది. సౌండు బాక్సుల్లో పాటకి నేల అదురుతోంది. తెల్లవారుజామున తాళి కట్టేశారు, మధ్యాహ్నం భోజనాలు. పొడుగు బల్లల మీద కాగితం పరిచి విస్తళ్లు వేశారు.

ఆవిడ అప్పటికే కూర్చుని ఉంది. ఆకుపచ్చ పట్టుచీర, తల్లో కనకాంబరాలు. పక్కన ఆయన. ఎదురుగా, నాకోసం వదిలిన ఖాళీకి అటూ ఇటూ వియ్యాలవారి ఆడవాళ్లు, మెళ్లో బరువైన గొలుసులతో. కుడిచెయ్యి విస్తరి పక్కన పెట్టుకుని, నన్ను చూసి గడ్డం ఎగరేసింది.

“వచ్చినావా? కూకో ఎదర. రాదన్నావు గదా, సూద్దువు గానీ.”

కూర్చున్నాను. అన్నం వడ్డించారు, కోడికూర పోశారు. వెనకాల కోడలు చెంచా కొంగులో దాచుకుని నిలబడింది, పాపం, పిల్లకి కూడా ఏం చెయ్యాలో తెలియడం లేదు.

ఆవిడ కలపడం మొదలెట్టింది. వేళ్లు చక్కగా ఆడుతున్నాయి. అన్నం, కూర కలిసి, దగ్గరికి చేరి, వేళ్ల కొసల్లోకి వచ్చింది. అంత అందమైన ముద్ద నేనెప్పుడూ చూడలేదు. ఒక్క మెతుకు జారలేదు. చెయ్యి లేచింది. విస్తరి దాటింది. గుండెల దాకా వచ్చింది. ఆగింది.

నేను నా విస్తట్లోకి చూడలేకపోయాను, ఆవిడ మొహంలోకీ చూడలేకపోయాను. భుజం వణుకుతోంది. నా వరసలో ఒకామె తినడం ఆపింది. పక్కామెని మోచేత్తో పొడిచింది. వాళ్ల మొహాల్లో ఆ మాట తయారవుతోంది, పెదాల దాకా వచ్చేసింది. కోడలు ఒక అడుగు ముందుకేసింది. ఆవిడ తల తిప్పి చూసిన చూపుకి అక్కడే ఆగిపోయింది.

ఆ చెయ్యి పైకి పోలేదు. పక్కకి పోయింది.

“మొకం ఇటెట్టు,” అంది ఆయనతో.

“ఏటే?”

“నోరు తెరు.”

ఆయన అర్థంకాక అటూ ఇటూ చూశాడు. తర్వాత వంగాడు, ఆవిడ గుండెల ఎత్తుకి తల దించి, నోరు తెరిచాడు. ఆవిడ బొటనవేలితో వెనకనుంచి తోసింది. ముద్ద మొత్తం లోపలికి పోయింది. ఆయన మీసానికి కూర అంటుకుంది.

కూర బకెట్టుతో వస్తున్న కుర్రాడెవరో ఈలేశాడు. “ఓలమ్మో! పెళ్లికొడుకింకా కూకోనే నేదు, ఇక్కడ బువ్వం బంతి అయిపోతన్నాది!” కొత్త దంపతుల్ని ఒకే విస్తట్లో కూర్చోబెట్టి ఒకరిచేత ఒకరికి తినిపించే ఆ వేడుక కోసం అవతల పీటలు వేస్తున్నారు. పందిరంతా గొల్లుమంది. వియ్యాలవారి ఆడవాళ్లు కూడా నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు.

“నువ్వొక్కడివే మింగీత్తావేటి? నాకెట్టు” అంది ఆవిడ.

ఆయన ఆవిడ విస్తట్లోనే కలిపి, వల తాళ్లు లాగి లాగి పగుళ్లు పడిన చేత్తో ముద్ద చేసి, ఆవిడ నోట్లో పెట్టాడు. “గంపంత ముద్దెట్టీసినావ్, సంపీత్తావేటి” అని తిడుతూనే నమిలింది. మళ్లీ తను కలిపి ఆయనకి పెట్టింది. ఆయన మళ్లీ వంగాడు. కాసేపటికి నవ్వేవాళ్లు నవ్వి, ఎవరి విస్తట్లోకి వాళ్లు పోయారు. నాకు మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు. కూర కారమని పక్కావిడకి చెప్పాను.

విస్తరి ఖాళీ అయ్యాక ఆవిడ బల్ల మీదికి వంగి, నాకే వినబడేలా పిలిచింది.

“మేడమ్మా. రానేదు. నువ్వన్నట్టే అయినాది.”

ఆ మొహంలో కోపం లేదు. చాలా అలిసిపోయి ఉంది, నాలాగే.

“నిజం సెప్పు. ఎవులైనా అయ్యోపాపం అన్నారేటి?”

“లేదమ్మా. ఒక్కరూ అనలేదు.”

ఆవిడ నిటారుగా కూర్చుంది.

“అయితే పెరుగెయ్యమను,” అంది.